నేల తాకిన పెడల్

పెడల్ మెత్తగా దిగిపోయింది.

టీచరమ్మ మళ్లీ తొక్కింది. ఈసారి పాదం కింద ఏమీ లేనట్టే పోయి నేలను తాకింది. కారు ఫ్లైఓవర్ దిగుతోంది. కింద ఎర్ర సిగ్నల్. సిగ్నల్ దగ్గర మూడు చక్రాల తోపుడుబండి, దాని మీద నిలువుగా తాడేసి కట్టిన అద్దాల పలకలు. బండి మనిషి ఇటు వీపు పెట్టి సిగరెట్ వెలిగించుకుంటున్నాడు.

"అమ్మాయ్, సిగ్నల్ పడింది," అన్నాడు పక్క సీట్లోని మామగారు.

"కనిపిస్తోంది మామయ్యా."

"మరి ఆపవేం?"

"ఆగట్లేదు."

ముసలాయన రెండు చేతులతో సీటు అంచు పట్టుకున్నాడు.

ఆమె గబగబా మూడుసార్లు తొక్కింది. పెడల్ బెత్తెడు పైకి లేచి, కారును ఒక్క కుదుపు కుదిపి, మళ్లీ జారుకుంది. మూడో గేరులోంచి రెండో గేరులోకి లాగింది. ఇంజిన్ అరిచింది. హ్యాండ్‌బ్రేక్ పైకి గుంజింది. వెనక చక్రాలు కీచుమన్నాయి. స్టీరింగ్ ఎడమకి తిప్పి, టైరును ఫుట్‌పాత్ రాయికి రాసింది. రబ్బరు కాలిన వాసన. రాయి టైరును గీరుతూ, గీరుతూ, చివరికి పట్టి ఆపింది.

అద్దాల పలక కారు ముక్కుకి జానెడు దూరంలో ఉంది. అందులో ఆమెకు తన ముఖం కనిపించింది. పక్కనే మామగారి ముఖం. ఇద్దరివీ ఒకే రంగులో ఉన్నాయి.

బండి మనిషి తిరిగి చూసి, సిగరెట్ నోట్లోంచి తీశాడు. "హారన్ కొట్టొచ్చు కదమ్మా," అన్నాడు.

* * *

క్రేన్ బండి కారును షెడ్డులో దించేసరికి పన్నెండున్నర. వెనకాలే ఆటోలో టీచరమ్మా మామగారూ దిగారు. రేకుల షెడ్డు, బండ్ల కిందికి దిగి పనిచేసేందుకు రెండు గుంతలు, గోడ పొడుగునా పానాలు. గుమ్మం దగ్గర బల్ల వేసుకుని మేస్త్రి భార్య కూర్చుంటుంది. సామాన్లు ఇచ్చేదీ ఆమే, ఫోన్లు ఎత్తేదీ ఆమే. లోపల మేస్త్రి ఒక వ్యాను ఇంజిన్ మీద వంగి ఉన్నాడు.

"నాలుగు రోజుల కిందట ఇక్కడే బ్రేకులు చేయించాను," అంది టీచరమ్మ. గొంతు పెంచలేదు. తరగతి గదిలో వెనక బెంచీకి వినిపించే గొంతు అది, పెంచాల్సిన పని లేదు. "ఎవరు చేశారు?"

మేస్త్రి తల తిప్పాడు, అతని భార్య తల తిప్పింది. ఇద్దరి చూపులూ కలిసిన చోట, ఒక కారు కిందనుంచి రెండు కాళ్లు బయటికి వచ్చి, వాటి వెనకే మనిషి వచ్చాడు. మేస్త్రి బామ్మర్ది. ముప్పై నాలుగేళ్లు ఉంటాయి.

"నేనేనండి," అన్నాడు. "ఏమైంది?"

"ఏం కాలేదు. జానెడులో తప్పింది."

ఆమె సంచిలోంచి తెల్లకాగితం, ఎర్ర పెన్ను తీసి, కుర్చీ లాక్కుని రాయడం మొదలుపెట్టింది. పది లైన్లు రాసి మేస్త్రికి చూపించింది. పోలీసు స్టేషన్‌కి ఫిర్యాదు. చివర్లో 'ఈ ప్రమాదానికి కారకుడు' అని రాసి, గీత గీసి వదిలేసింది.

"ఖాళీని పూరించాలి," అంది. "ఇప్పుడే రాసేదాన్ని. కానీ పేపరు దిద్దకుండా మార్కులు వెయ్యడం నాకు అలవాటు లేదు. నాలుగింటిదాకా కూర్చుంటాను. తప్పు ఏమిటో, ఎవరిదో చెప్పండి. లేకపోతే చేసినతని పేరే రాస్తాను."

బామ్మర్ది అక్కవైపు చూశాడు. అక్క బల్ల మీద నట్లు ఏరుతోంది, తల ఎత్తలేదు.

రెండు నెలల కిందట అతను ఒక కారుకి ఇంజిన్ ఆయిల్ మార్చి కింద బోల్టు బిగించడం మరిచాడు. ఆ రాత్రి అన్నం దగ్గర మేస్త్రి కంచం పక్కకి జరిపి ఒకే మాట అన్నాడు. "ఇంకొక్కసారి. ఆ తర్వాత నీ తమ్ముడు ఈ షెడ్డు గడప తొక్కడు." అంతకుముందు అతను రెండు పనులు చేసి రెండూ పోగొట్టుకున్నాడు. సొంత బావే వెళ్లగొట్టిన వాణ్ణి ఏ షెడ్డు పెట్టుకుంటుంది? ఆ సంగతి అతనికి తెలుసు. అక్కకి ఇంకా బాగా తెలుసు.

"బావా, నేను సరిగ్గానే..."

"మాటలు తర్వాత. బానెట్ ఎత్తు."

* * *

బానెట్ కింద, డ్రైవరు వైపు మూల, పిడికెడంత ప్లాస్టిక్ డబ్బీ. బ్రేక్ ఆయిల్ ఉండేది అందులోనే. మేస్త్రి టార్చి వేసి చూశాడు. ఆయిల్, నిండు మట్టం చూపే పై గీత దాటి మూతదాకా ఉంది.

"నిండుగా ఉంది. అంటే బయటికి కారట్లేదు," అన్నాడు. అయినా నాలుగు చక్రాలూ విప్పించాడు. పైపులు వేలితో తడిమాడు. పెడల్ కింద చాప ఎత్తి అరచెయ్యి వేశాడు. అంతా పొడి.

డ్రైవరు సీట్లో కూర్చుని గబగబా తొక్కాడు. పెడల్ కాస్త పైకొచ్చింది.

"పైపుల్లో గాలి చేరింది," అన్నాడు.

"ఎలా చేరుతుంది బావా? నేను పైపే ఊడదియ్యలేదు. ముందు చక్రాలకి ప్యాడ్లు మార్చాను, అంతే. గాలి ఎక్కడినుంచి వస్తుంది, నా నోట్లోంచా?"

"నీ నోట్లోంచి రాని గాలి ఏముంది? ఆ చక్రం దగ్గర కూర్చో."

బామ్మర్ది చక్రం దగ్గర చిన్న స్క్రూకి సన్నని గొట్టం తగిలించి, గొట్టం కొస సీసాలో పెట్టాడు. బావ తొక్కుతుంటే స్క్రూ వదులు చేశాడు, బిగించాడు. నాలుగు చక్రాలకీ చేశారు. గాలి ఉంటే సీసాలో బుడగలు రావాలి. ఒక్క బుడగ లేదు. బామ్మర్ది సీసాను వెలుగుకి ఎత్తి, ఏమీ అనకుండా బావ ముఖం ముందు అటూ ఇటూ ఊపాడు.

"చూశాలే. దించు," అన్నాడు మేస్త్రి.

అతనికి కుదురుగా నిలబడబుద్ధి కావడం లేదు. రెండు గుంతల మధ్యా అటూ ఇటూ నడిచాడు. వెనక ఎర్ర పెన్ను మూత టక్, టక్ మంటోంది. గోడ మీద గడియారం ఒకటిన్నర దాటింది.

మళ్లీ సీట్లో కూర్చున్నాడు. ఈసారి తొక్కి ఊరుకోలేదు. పాదం పెట్టి, ఒకే బరువుతో అలాగే ఉంచాడు. మనసులో అంకెలు లెక్కపెట్టుకున్నాడు. ఐదు. ఎనిమిది. పెడల్ దిగుతోంది. ముసలి లిఫ్టులా, చప్పుడు లేకుండా, తొందర లేకుండా. పదిహేను దగ్గర నేల తాకింది.

"క్లాంపులు తీసుకురా. నాలుగు గొట్టాలూ నొక్కేసెయ్."

చక్రాల దగ్గరికి పోయే రబ్బరు గొట్టాలన్నీ బిగించి మూసేశారు. ఇప్పుడు ఆయిల్ ఏ చక్రానికీ పోదు. తప్పు చక్రాల దగ్గర ఉంటే పెడల్ రాయిలా నిలబడాలి. మేస్త్రి తొక్కి పట్టుకున్నాడు. అది మళ్లీ దిగింది.

"మాస్టర్ సిలిండర్," అన్నాడు దిగుతూ.

"అంటే?" అంది టీచరమ్మ.

"మీరు పెడల్ తొక్కితే మొదట కదిలేది అదేనమ్మా. లోపల పిస్టన్‌కి రబ్బరు కప్పులుంటాయి, ఆయిల్‌ని చక్రాలవైపు తోస్తాయి. అవి చెడిపోతే ఆయిల్ బయటికి కారదు. కప్పు పక్కనుంచి లోపలే వెనక్కి జారుకుంటుంది. డబ్బీ నిండుగానే ఉంటుంది, బ్రేకు మాత్రం ఉండదు."

"ఇంటిదొంగ అన్నమాట," అన్నాడు మామగారు. అప్పటిదాకా ఆయన చేతికర్ర మీద గడ్డం ఆనించి అంతా చూస్తూనే ఉన్నాడు.

"అదే. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పడతాను."

సిలిండర్ విప్పేముందు డబ్బీ మూత తిప్పాడు. మూత వచ్చింది. దాని లోపల ఉండే పల్చటి రబ్బరు బిళ్ల మాత్రం బయటికి పొంగి వేలాడింది. వానలో తడిసిన పుస్తకంలా ఉబ్బి, అలలు తిరిగి ఉంది. మేస్త్రి దాన్ని మూతలోకి తొయ్యబోయాడు. పట్టలేదు. రబ్బరు ఒకటిన్నర రెట్లు పెరిగింది.

అతని చెయ్యి అలాగే ఆగిపోయింది. తప్పుడు ఆయిల్ తాగిన రబ్బరు ఇలాగే ఉబ్బుతుంది. మూతలోది ఇలా ఉంటే లోపలి కప్పుల గతి చెప్పక్కర్లేదు.

"ఒరేయ్," అన్నాడు మెల్లగా. "ఇందులో ఏం పోశావు?"

"ఏమీ పొయ్యలేదు."

"అలమారులో బ్రేక్ ఆయిల్ టిన్ను మూత తీసి ఉంది. ఎవరు తీశారు?"

"నేనే. పొద్దున అంబులెన్స్ వచ్చింది కదా, దానికి పోశాను."

మేస్త్రి ఫోన్ కోసం పరుగెత్తాడు. ఆ టిన్ను పోయిన వారం కొత్త కొట్లో కొన్నది. అందులో ఉన్నదే కల్తీ అయితే, అంబులెన్స్ ఈ పాటికి ఏ రోగినో ఎక్కించుకుని ఏ ఫ్లైఓవరో దిగుతూ ఉంటుంది. డ్రైవరు ఎత్తలేదు. మళ్లీ చేశాడు. మళ్లీ.

"రెండు గాజుగ్లాసుల్లో నీళ్లు తీసుకురా," అన్నాడు భార్యతో, ఫోన్ చెవికి ఆనించుకునే.

ఆమె తెచ్చి బల్ల మీద పెట్టింది. బామ్మర్ది టిన్నులోంచి సిరంజితో తీశాడు. తొందరలో మొదటి చుక్క బల్ల మీద పడింది.

"మంచి బ్రేక్ ఆయిల్ అయితే నీళ్లలో కలిసిపోతుంది. మామూలు ఆయిల్ అయితే తేలుతుంది," అన్నాడు మేస్త్రి. "వెయ్."

రెండో చుక్క గ్లాసులో పడింది. సన్నటి పొగలా కిందికి దిగి, మెలికలు తిరిగి, మాయమైంది. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.

మేస్త్రి ఊపిరి వదిలాడు. అప్పుడే ఫోన్ మోగింది.

"ఏంటి మేస్త్రీ, పదకొండు మిస్డ్ కాల్స్? నాకేమైనా సంబంధం చూశావా?" అన్నాడు అంబులెన్స్ డ్రైవరు.

"నీ పెడల్ ఎలా ఉంది?"

"నా పెళ్లాం మాటలా ఉంది. రవ్వంత దిగదు."

"సరే. పని చూసుకో."

రెండో గ్లాసు. ఈసారి బామ్మర్ది కారు డబ్బీలో పైపైన ఉన్నది సిరంజితో లాగి వేశాడు. చుక్క మునగలేదు. నీటి మీద తేనెరంగు బిళ్లలా పరుచుకుంది. ఇంకో చుక్క. ఇంకో బిళ్ల.

"ఇంజిన్ ఆయిల్," అన్నాడు మేస్త్రి.

టీచరమ్మ లేచి వచ్చి రెండు గ్లాసుల్నీ చూసింది. తర్వాత షెడ్డు మూల నిలబెట్టిన ఇంజిన్ ఆయిల్ పీపా చూసింది. తర్వాత బామ్మర్దిని చూసింది. పెన్ను మూత తీసింది.

"ఇతని పేరేమిటి?"

* * *

"ఆగండమ్మా," అన్నాడు బామ్మర్ది. మాట తడబడింది, కానీ ఆగలేదు. "నేను దొంగనే అనుకోండి, కానీ ఈ గుమ్మడికాయ నాది కాదు. బావా, గుర్తు చేసుకో. ఆ రోజు నేను ప్యాడ్లు వేసి పిస్టన్లు వెనక్కి నొక్కుతుంటే డబ్బీ పొంగింది. నీతో చెప్పాను. 'డబ్బీ పొంగుతోంది బావా' అన్నాను. నువ్వు గుంతలో ఉన్నావు. 'తుడిచి వదిలెయ్' అన్నావు. తుడిచాను. మూత కూడా తియ్యలేదు."

మేస్త్రికి గుర్తొచ్చింది. ఆ మాట తను అన్నాడు. అప్పుడు ఆగి ఆలోచించి ఉంటే ఆ రోజే దొరికేది.

ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు ముందుకి జరుగుతాయి, ఆ మేరకు డబ్బీలో ఆయిల్ తగ్గుతుంది. కొత్త ప్యాడ్లు వేసి పిస్టన్లను వెనక్కి నొక్కితే తగ్గినది తిరిగి డబ్బీలోకి వస్తుంది. సరిగ్గా పాత గీత దగ్గర ఆగాలి. పొంగిందంటే, మధ్యలో ఎవరో పైనుంచి పోసి ఉండాలి. కారు షెడ్డుకి రాకముందే.

అతని భుజాల మీంచి ఏదో దిగిపోయినట్టయింది. "టీచరమ్మా, వీడు కాదు," అన్నాడు. "మా షెడ్డూ కాదు. కారు ఇక్కడికి వచ్చేసరికే ఇంజిన్ ఆయిల్ అందులో ఉంది. మీ ఇంట్లో బానెట్ ఎత్తేది ఎవరు?"

ఆమె నెమ్మదిగా మామగారివైపు తల తిప్పింది.

మామగారు చేతికర్ర మీంచి గడ్డం ఎత్తాడు. "నేనే పోశాను," అన్నాడు. "పది రోజులైంది. నూట యాభై మిల్లీలీటర్లు. మందు కొలిచే గ్లాసుతో."

"మామయ్యా."

"అబద్ధం ఎందుకు చెప్తానమ్మా. ఇంకో పది మిల్లీలీటర్లు పట్టేది. చాలనుకున్నాను."

మేస్త్రికి నవ్వొచ్చినంత పనైంది. ఇంతసేపూ మోసిన బరువంతా ఆయన మీదికి ఒక్కసారి విసిరాడు. "తెలియని పనిలో వేలెందుకు పెడతారు పెద్దాయనా? మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని మీ కోడలు నడుపుతోంది. ఆ అద్దాల బండి లేక ఏ పిల్లాడో అడ్డం వచ్చి ఉంటే?"

టీచరమ్మ చేతిలో పెన్ను కాగితం మీదికి వెళ్లింది, గీత దగ్గర ఆగింది. చూడకుండా మార్కులు వెయ్యనంది. ఇప్పుడు చూసింది.

ముసలాయన కోపం తెచ్చుకోలేదు. "నేను నలభై ఏళ్లు కాంపౌండరుగా చేశాను," అన్నాడు. "డాక్టరు చీటీ లేకుండా ఒక్క చుక్క పోసి ఎరుగను. దీనికీ చీటీ ఉంది."

"ఎవరిచ్చారు?"

"మీరే."

షెడ్డు బయట ఏదో బండి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"కారులో బ్రేకు ఎర్ర లైటు వెలుగుతోందని ఫోన్ చేశాను," అన్నాడు కాంపౌండరు, మందుసీసా మీద రాసింది చదువుతున్నట్టు, ఒక్కో మాటా విడదీసి. "మీరన్నారు, 'ప్యాడ్లు అరిగుంటాయి, వీలు చూసుకుని తీసుకురండి. ఈలోగా బ్రేక్ ఆయిల్ కాస్త పొయ్యండి' అని. నేను అడిగాను, 'డిక్కీలో మీ షెడ్డు వాళ్లు పెట్టిన ఆయిల్ క్యాన్ ఉంది, అది పొయ్యనా?' అని. మీరు, 'ఆఁ, పొయ్యండి' అన్నారు."

మేస్త్రి కారు వెనక్కి నడిచి డిక్కీ ఎత్తాడు. మూల, గుడ్డలో చుట్టి, క్యాన్ ఉంది. పోయిన సర్వీసులో ఇంజిన్‌కి పోయగా మిగిలింది. మిగిలినది పారెయ్యకుండా బండిలోనే పెట్టి పంపడం అతని షెడ్డు పద్ధతి. దాని గురించి అతను అందరికీ గొప్పగా చెప్పుకుంటాడు.

"నేను బ్రేక్ ఆయిల్ అన్నాను కదా," అన్నాడు. గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"అన్నారు. బ్రేకులో పోసే ఆయిల్ అనుకున్నాను. తలకి రాసుకునేది తలనూనె అయినట్టు."

బామ్మర్ది అలమారు దగ్గర నిలబడి టిన్ను తిప్పి చూస్తున్నాడు. "బావా," అన్నాడు. "దీని మీద ఆయిల్ అని ఎక్కడా లేదు. ఫ్లూయిడ్ అని ఉంది. చుట్టూ చూశాను. ఆయిల్ అనేది మనమే."

ముప్పై ఏళ్లు. రోజుకి ఎన్నిసార్లు అన్నాడో మేస్త్రి ఆ మాట. బ్రేక్ ఆయిల్ మార్చు, బ్రేక్ ఆయిల్ పొయ్యి, బ్రేక్ ఆయిల్ చూడు. షెడ్డులో ఎవరికీ తేడా రాలేదు, ఎందుకంటే టిన్ను ఏదో చేతికి తెలుసు. ఫోన్లో చెయ్యి ఉండదు.

అతను భార్యవైపు చూశాడు.

ఆ ఫోన్ ఎత్తింది ఆమె. అప్పుడు అతను లారీ కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు, చేతులకి గ్రీజు. ఆమె వంగి, ఫోన్ అతని చెవికి పట్టుకుంది. అవతలి గొంతు ఆమెకీ వినిపించేంత దగ్గర. ఆ సంభాషణ ముగ్గురు విన్నారు. ఒకరు ముసలాయన, ఆయన మాట ఎవరు నమ్ముతారు? ఒకరు తను. ఒకరు ఆమె. 'నాకు గుర్తులేదు' అని ఆమె ఒక్క మాట అంటే చాలు. షెడ్డు పేరు నిలుస్తుంది. తమ్ముడు ఎలాగూ బయటపడ్డాడు.

ఆమె నట్లు ఏరడం ఆపింది. మొగుడి కళ్లలోకి చూసింది. అనలేదు. అవునని కూడా అనలేదు. "కాలు జారితే తీసుకోవచ్చు," అని మాత్రం అంది, నట్ల డబ్బా మూత పెడుతూ. మిగతా సగం సామెత అందరికీ తెలిసిందే.

నాలుగింటికి పది నిమిషాలుంది. మేస్త్రి గుంతల మధ్య ఒకసారి నడిచి, తిరిగొచ్చాడు.

"నా పేరు రాయమ్మా," అన్నాడు కాంపౌండరు కోడలితో. "పోసింది ఈ చెయ్యే."

"అది వద్దు," అన్నాడు బామ్మర్ది గబుక్కున. "పెద్దాయన వద్దు, బావ వద్దు. షెడ్డు ఉండాలి కదా. నాది రాసుకోండి. నాకెలాగూ ఉన్నది చెడ్డ పేరే, ఇంకొకటి తోడైతే తెలియదు."

"నువ్వు ఊరుకో," అన్నాడు మేస్త్రి. రెండు నెలల్లో మొదటిసారి ఆ మాటలో పదును లేదు.

బనియనుకి చేతులు తుడుచుకుని, టీచరమ్మ ముందుకి వచ్చి నిలబడ్డాడు. ఆమె పెన్ను గీత మీదే ఉంది.

"నాలుగు గొట్టాలు, సిలిండర్, చక్రాల దగ్గరి రబ్బర్లు, అన్నీ మార్చాలి. మారుస్తాను. అది వేరే సంగతి," అన్నాడు. "మీరు చదువు చెప్పేవారు, మీకు తెలుస్తుంది. పిల్లాడు తప్పు రాశాడు, కానీ బోర్డు మీద ఉన్నదే రాశాడు. అప్పుడు మార్కులు ఎవరికి తీస్తారు?"

ఆమె తల ఎత్తింది. "పేరు చెప్పండి మేస్త్రిగారూ. నాకు పాఠం వద్దు, పేరు కావాలి."

షెడ్డులో పానాలన్నీ గోడకి వేలాడుతున్నాయి. నీటి మీద తేనెరంగు బిళ్ల ఇంకా తేలుతూనే ఉంది.

"పోసింది పెద్దాయన. చూసి కూడా తుడిచింది వీడు, అదీ నేను చెబితేనే," అన్నాడు మేస్త్రి. "ఫోన్లో ఏ ఆయిలో అడక్కుండా 'ఆఁ, పొయ్యండి' అన్నది మాత్రం నేను. మీ బ్రేకు తీసేసింది నేనేనమ్మా. ఆ ఖాళీలో నా పేరు రాయండి."